స్ట్రాబెర్రీ పడలేదా? అసలు దొంగ ఓ ప్రొటీన్!

స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ అంటే పెద్ద పండగ. స్ట్రాబెర్రీలు, క్రీమ్ ఉండాల్సిందే. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో రెండేళ్లు హాయిగా లాగించేశా. మూడో ఏడాది నాలుగు పళ్లు తిన్నానో లేదో పెదాలు, నాలుక ఒకటే దురద! వీడియో కాల్‌లో చెబితే, 'నీకు ఆ పండు పడట్లేదు నాన్నా, మానెయ్' అంది అమ్మ.

మానేశా. కానీ నిన్నటిదాకా పనిచేసిన కోడ్ ఇవాళ ఎర్రర్ ఇస్తే కారణం వెతకమా?

డాక్టర్ పండు సంగతి అడగలేదు. 'ఏప్రిల్, మేలో తుమ్ములొస్తున్నాయా?' అన్నారు. వస్తున్నాయి!

ఆ నెలల్లో ఇక్కడ గాలినిండా బర్చ్ చెట్ల పుప్పొడే. అందులో 'బెట్ వి 1' అనే ప్రొటీన్ ఉంటుంది. కొందరి ఒళ్లు దాన్ని శత్రువనుకుని ఐజీఈ యాంటీబాడీలను తయారుచేస్తుంది. స్ట్రాబెర్రీలోని 'ఫ్రా ఎ 1' ఆకారం దానికి బాగా దగ్గర. యాంటీబాడీలు పొరబడతాయి, నోరు దురదపెడుతుంది.

ఈ పేర్లకూ ఓ లెక్కుంది. మొక్క శాస్త్రీయనామంలో మొదటి మాట నుంచి మూడక్షరాలు, రెండోదాన్నుంచి ఒకటి, తర్వాత నంబర్. ఫ్రగారియా అననస్సా కాబట్టి 'ఫ్రా ఎ'.

మరి ఇన్ని ప్రొటీన్లలో దొంగని ఎలా పడతారు? పండులోంచి ప్రొటీన్లు తీసి, జెల్‌లో కరెంటు పంపి సైజుల వారీగా విడదీస్తారు. వాటిని పల్చటి పొరమీదకి ఎక్కించి, అలర్జీ ఉన్నవాళ్ల సీరంలో ఉంచుతారు. ఐజీఈ ఏ ప్రొటీన్‌కి అతుక్కుంటే అదే అనుమానితుడు. అదేంటో మాస్ స్పెక్ట్రోమీటర్ తేలుస్తుంది.

స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఓ తమాషా సంగతి చెప్పారు. అలర్జీ ఉన్నవాళ్లకీ పడే తెల్ల స్ట్రాబెర్రీలో ఈ ప్రొటీన్ దాదాపు లేదట! పండుకి ఎర్ర రంగు రావడంలో ఈ ప్రొటీన్ల కుటుంబానికీ పాత్ర ఉందని తర్వాత తేలింది.

ఫ్రా ఎ 1 వేడికి ఆకారం కోల్పోతుంది. అందుకే పచ్చి పండు పడనివాళ్లలో చాలామందికి జామ్ పడుతుంది. కానీ 'ఫ్రా ఎ 3' అనే ఇంకొకటి వేడికి లొంగదు. మీకు ఏది పడదో టెస్టులే చెప్పాలి, ఇంట్లో ప్రయోగాలొద్దు. గొంతు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

టెస్టులయ్యాక డాక్టర్ నాకు జామ్ తినొచ్చన్నారు. 'పడనిది పండు కాదమ్మా, అందులో ఒక్క ప్రొటీన్. మొదలైంది చెట్ల పుప్పొడితో' అని చెప్పా.

'ఏదైతేనేం, ఆ చెట్ల కింద తిరక్కు' అంది అమ్మ.