సముద్రం ఒడ్డున ఒక వారం



మన దగ్గర నర్సింగ్ నేర్చుకుని ఇంగ్లాండులోని వృద్ధాశ్రమాల్లో పనిచేస్తున్న అమ్మాయిలు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "మేడమ్, అక్కడి మామ్మగార్లకు పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు. కానీ ఆరేళ్ళప్పుడు సముద్రం ఒడ్డున ఎక్కిన గాడిద పేరు మాత్రం టక్కున చెబుతారు" అని.

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఆ తరువాతి పది పదిహేనేళ్ళలో చిన్నపిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూగా ఉన్నారు. వాళ్ళ జ్ఞాపకాల్లో సముద్రం ఒడ్డున గడిపిన ఆ ఒక్క వారానికి అంత చోటు ఎందుకు దొరికింది? ముసలివారికి సేవ చేసేవారు తెలుసుకోదగిన సంగతులు ఇందులో చాలా ఉన్నాయి. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

మొదట మందు, తరువాత విహారం

ఇంగ్లాండులో జనం సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టింది సరదా కోసం కాదు, వైద్యం కోసం. 1750లలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథుల వ్యాధులకు సముద్రపు నీరు మంచిదని పుస్తకం రాశాడు. ఆ నీటిలో స్నానం చేయించడమే కాదు, తాగించేవాడు కూడా! బ్రైటన్ అనే చిన్న జాలరి ఊరు పెద్ద పట్టణం కావడానికి ఆయన వైద్యం ఒక కారణం. 1791లో మార్గేట్ పట్టణంలో పేద రోగుల కోసం సముద్రస్నానాల ఆసుపత్రి పెట్టారు. గండమాల, అంటే మెడ గ్రంథులకు వచ్చే క్షయ ఉన్నవారిని అక్కడ ఉంచి గాలి, ఎండ, ఉప్పునీటి స్నానాలతో చికిత్స చేసేవారు.

క్షయకు సరైన మందులు 1940లలో గానీ రాలేదు. అప్పటిదాకా మంచి గాలి, మంచి ఆహారం, విశ్రాంతి ఇవే చికిత్స. అందుకే "సముద్రపు గాలి ఒంటికి మంచిది" అనే నమ్మకం ఇంగ్లాండు తల్లుల్లో బాగా నాటుకుపోయింది. పట్టణాల గాలి అలా ఉండేది మరి. ప్రతి ఇంటా బొగ్గు పొయ్యి, ప్రతి వీధి చివర ఫ్యాక్టరీ పొగగొట్టం. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన విషపు పొగమంచు కొద్ది రోజుల్లోనే వేలమందిని బలి తీసుకుంది. ఆ తరువాత 1956లో గానీ గాలిని శుభ్రపరిచే చట్టం రాలేదు. అలాంటి చోట పెరిగే పిల్లవాడికి ఏడాదిలో ఒక వారం ఉప్పుగాలి దొరకడం తల్లిదండ్రులకు చిన్న విషయం కాదు.

జీతం పోని సెలవు

గాలి మంచిదని తెలిసినా కూలివారికి వెళ్ళే వీలుండాలి కదా. పని మానితే ఆ వారం కూలి పోతుంది. లాంకషైర్ నూలుమిల్లుల ఊళ్ళలో "వేక్స్ వారం" అనే పాత ఆచారం ఉండేది. అది మొదట చర్చి ప్రతిష్ఠ పండుగ, మన ఊరి తిరునాళ్ళలాంటిది. మిల్లులు వచ్చాక అది ఊరంతటికీ సెలవు వారంగా మారింది. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వారం. ఆ వారం మిల్లు మూసేసేవారు, పొగగొట్టాలు ఆరిపోయేవి, కుటుంబాలకు కుటుంబాలు రైలెక్కి బ్లాక్‌పూల్ వెళ్ళేవి. కానీ ఆ వారానికి చాలాకాలం జీతం ఉండేది కాదు. అందుకని ఏడాది పొడుగునా వారం వారం చీటీ కట్టినట్టు కొంత డబ్బు దాచుకునేవారు.

1938లో బ్రిటిష్ పార్లమెంటు జీతంతో కూడిన సెలవుల చట్టం చేసింది. పనివారికి ఏడాదికి ఒక వారం జీతం పోకుండా సెలవు ఉండాలన్న ఆలోచనకు అది బలమిచ్చింది. అయితే మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. ఆ చట్టం ఫలం చాలా కుటుంబాలకు అందింది యుద్ధం తరువాతే.

ముళ్ళకంచెలు తీసిన ఒడ్డు

యుద్ధంలో శత్రువు సముద్రం మీదుగా దిగుతాడన్న భయంతో 1940లో దక్షిణ, తూర్పు తీరాల్లో ఇసుక నిండా మందుపాతరలు పెట్టారు. ఒడ్డు పొడుగునా ముళ్ళకంచెలు వేశారు. అక్కడి సముద్రపు పట్టణాలకు పియర్ ఉండటం ఒక అందం. అది ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన పొడవైన వంతెనలాంటిది. జనం దాని మీద షికారు చేస్తారు. సౌత్ఎండ్‌లోని పియర్ 2 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, దాని మీద చిన్న రైలు కూడా నడుస్తుంది. శత్రువు ఓడలకు రేవుగా ఉపయోగపడకూడదని ఇలాంటి పియర్లు కొన్నింటిని మధ్యలో తెగ్గొట్టారు.

1945 తరువాత వీటన్నింటినీ శుభ్రం చేసి ఒడ్డును మళ్ళీ జనానికి తెరిచారు. అప్పటికి నాలుగైదేళ్ళున్న ఎందరో పిల్లలు సముద్రాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కొందరికైతే సైన్యం నుంచి తిరిగి వచ్చిన నాన్నతో కలిసి ఒక రోజంతా గడపడమూ అదే మొదటిసారి.

ఆ వారం ఎలా గడిచేది

సాధారణంగా శనివారం ప్రయాణం. పెట్టెలు, పిల్లలు, నిలబడటానికైనా చోటులేని రైళ్ళు. పెట్రోలుకు 1950 దాకా రేషన్ ఉండేది. కారున్న ఇళ్ళూ తక్కువే. దిగాక బస బోర్డింగ్ ఇంట్లో. దాన్ని నడిపే ఇల్లాలిని ల్యాండ్‌లేడీ అనేవారు. ఆవిడ పెట్టే నియమాల మీద ఇంగ్లాండులో ఇప్పటికీ హాస్యాలు చెప్పుకుంటారు. పొద్దున టిఫిన్ అయ్యాక అందరూ బయటికి వెళ్ళిపోవాలి. మళ్ళీ భోజనం వేళకే రావాలి. వాన పడుతున్నా సరే! బల్ల మీద ఉప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు వేరే డబ్బు అడిగేవారని కూడా చెబుతారు. ఆహారం ఇంకా రేషన్ మీదే కనుక వచ్చినవారు తమ రేషన్ పుస్తకాలు ఆవిడ చేతికి ఇవ్వాల్సి వచ్చేది. చిట్టచివరి రేషన్, అంటే మాంసం మీద ఉన్నది, 1954 జూలైలో గానీ పోలేదు.

పగలంతా ఇసుకలోనే. నాన్న మడత కుర్చీలో కోటు, టై విప్పకుండానే కూర్చుని పత్రిక చదువుతూ నిద్రపోయేవాడు. అమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసేది. రొట్టె ముక్కల్లో కూరతో పాటు ఇసుక కూడా కరకరలాడేది. పిల్లలకు చిన్న బకెట్టు, చిన్న పార. వాటితో కోటలు కట్టడం, పోటు వచ్చి అవి కరిగిపోతుంటే చూడటం. ఇంట్లో ఉన్నితో అల్లిన ఈత దుస్తులు నీళ్ళు పీల్చుకుని మోకాళ్ళ దాకా జారేవి. గాలి చల్లగా ఉండేది, నీళ్ళు ఇంకా చల్లగా ఉండేవి. వణుకుతున్న పిల్లల్ని తువ్వాలుతో గట్టిగా తుడిచే అమ్మ చేతులు ఆ తరంలో చాలామందికి గుర్తు.

ఇసుకలో పంచ్, జూడీ అనే చేతిబొమ్మలాట జరిగేది. గాడిద స్వారీ ఉండేది. ప్రతి గాడిద నుదుటి పట్టీ మీద దాని పేరు ఉండేది. మామ్మగార్లకు ఆ పేర్లు గుర్తుండటంలో వింత లేదు. బ్లాక్‌పూల్‌లో గాడిదలకు శుక్రవారం సెలవు అని నియమం కూడా ఉంది!

తినడానికి పీచు మిఠాయి, న్యూస్ పేపరులో చుట్టిన వేపుడు చేప, బంగాళాదుంప ముక్కలు. ఇంకా "రాక్" అనే కర్రలాంటి గట్టి మిఠాయి. దాన్ని ఎక్కడ కొరికినా లోపల ఆ ఊరి పేరు అక్షరాలు కనిపిస్తాయి. మిఠాయిల మీద రేషన్ 1949లో ఎత్తేసి, సరుకు చాలక కొన్ని నెలలకే మళ్ళీ పెట్టారు. చివరికి 1953 ఫిబ్రవరిలో తొలగించారు. ఆ వేసవిలో పిల్లల సంబరం ఊహించుకోండి.

వారం రోజులకు స్తోమత లేని ఇళ్ళ పిల్లలకు సండే స్కూలువారు ఏడాదికొకసారి తీసుకువెళ్ళే ఒక్కరోజు ప్రయాణమే సముద్రపు సెలవు. పొద్దున్నే బస్సు, ఒక టీ, ఒక కేకు, రాత్రికి తిరుగు ప్రయాణం. ఆ ఒక్క రోజునే జీవితాంతం చెప్పుకున్నవారు ఎందరో.

నర్సులు కాపలా కాసిన శిబిరాలు

1936లో బిల్లీ బట్లిన్ అనే ఆయన స్కెగ్‌నెస్‌లో సెలవు శిబిరం తెరిచాడు. వరుసగా చిన్న చిన్న గదులు, అందరికీ కలిపి భోజనశాల, ఈత కొలను, ఆటలు, నాటకాలు అన్నీ ఒకేచోట. ఒక వారం జీతంతో ఒక వారం సెలవు అన్నది ఆయన చేసుకున్న ప్రచారం. యుద్ధంలో ఆ శిబిరాన్ని నౌకాదళం వాడుకుంది. 1946లో మళ్ళీ తెరిచారు.

నర్సుగా నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. తల్లిదండ్రులు సాయంత్రం నాటకానికి వెళ్ళినప్పుడు నర్సులు గదుల వరుసల వెంట తిరుగుతూ పిల్లల ఏడుపు వినిపిస్తుందేమో అని చెవి ఒగ్గేవారు. వినిపిస్తే ఫలానా నంబరు గదిలో పాప ఏడుస్తోందని హాలులోని బోర్డు మీద చూపేవారు. అప్పటి ఇల్లాలికి వంట లేదు, గిన్నెలు తోమడం లేదు, పైగా సాయంత్రం పిల్లల్ని చూసేవారున్నారు. నిజంగా సెలవు దొరికింది ఆమెకే అనుకోవాలి.

అన్నీ తీపి జ్ఞాపకాలే కావు

1947 వేసవిలో బ్రిటన్‌లో పోలియో పెద్ద ఎత్తున వ్యాపించింది. పిల్లల్ని గుంపుల్లోకి, ఈత కొలనులకు పంపాలంటే తల్లులకు భయం. ఆ దేశంలో పోలియో టీకా మొదలైంది 1956లో.

1953 జనవరి 31 రాత్రి తూర్పు తీరాన్ని సముద్రం ముంచెత్తింది. ఇంగ్లాండులో 307 మంది చనిపోయారు. వేసవి విడిదిగా కట్టిన జేవిక్ అనే చోట చిన్న ఇళ్ళలో ముప్పైమందికి పైగా పోయారు. చలికాలంలో కూడా అక్కడే కాపురముంటున్న పెద్దవారు వారిలో ఉన్నారు.

ఇక ఎండ. ఆ కాలంలో చర్మం కమిలిపోతే కాలమైన్ లోషన్ పూసి "ఆరోగ్యానికి గుర్తు" అనుకునేవారు. తెల్లని చర్మం చిన్నతనంలో అలా పదే పదే కమిలితే పెద్దయ్యాక చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని ఇప్పుడు మనకు తెలుసు. అందుకే ఆ వయసువారికి స్నానం చేయించే నర్సులు ఒంటి మీద కొత్త మచ్చలు, మారుతున్న పుట్టుమచ్చలు గమనించాలి.

1960ల నుంచి విమానంలో స్పెయిన్ వెళ్ళే చవక యాత్రలు పెరిగాయి. 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక తరువాత సముద్రానికి వెళ్ళే చిన్న రైలు మార్గాలు చాలా మూతపడ్డాయి. బోర్డింగ్ ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 2021లో ఇంగ్లాండు ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తీరప్రాంతాల ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చాడు. లోపలి ఊళ్ళతో పోలిస్తే తీరంలో ఆయుర్దాయం తక్కువని, జబ్బులు ఎక్కువని అందులో ఉంది. అక్కడ ముసలివారు ఎక్కువ. వైద్యులు, నర్సులు అక్కడికి రావడం కష్టం. ఒకప్పుడు దేశానికి ఆరోగ్యం పంచిన ఊళ్ళే ఇప్పుడు సేవ కోసం ఎదురుచూస్తున్నాయి.

బెంగ: జబ్బా, మందా?

1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండు వైద్య విద్యార్థి "నాస్టాల్జియా" అనే మాట కల్పించాడు. మన భాషలో ఇంటి బెంగ. దాన్ని ఆయన జబ్బుగానే లెక్కకట్టాడు. ముసలివారు పాత సంగతులే మాట్లాడుతుంటే బుద్ధి మందగించిందని చాలాకాలం అనుకున్నారు. 1963లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ ఆ అభిప్రాయాన్ని కాదన్నాడు. వృద్ధులు గతాన్ని తిరగవేసుకోవడం సహజమని, తమ జీవితాన్ని తాము అర్థం చేసుకునే పని అని ఆయన రాశాడు. అప్పటి నుంచి జ్ఞాపకాలు చెప్పించడం వృద్ధుల సేవలో ఒక భాగమైంది.

డిమెన్షియా ఉన్నవారిలో ఇటీవలి సంగతులు ముందు పోతాయి, చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. అందుకే అక్కడి వృద్ధాశ్రమాల్లో గవ్వలు, ఇసుక, బకెట్టు, పాత పోస్టుకార్డులు పళ్ళెంలో పెట్టి చేతికిస్తారు. దీనివల్ల జబ్బు నయం కాదు. కానీ కాసేపు మాట వస్తుంది, ముఖం వెలుగుతుంది, పక్కనున్న మనిషితో సంబంధం కలుస్తుంది.

ఆ జ్ఞాపకాల్లో విలువైన వస్తువులేమీ లేవు చూడండి. వాన, ఇసుక పడిన రొట్టె, జారిపోయే ఈత దుస్తులు. అయినా నిలిచిపోయాయి. నాకు తోచే కారణం ఒక్కటే. ఏడాదంతా అలసిపోయి కనిపించిన అమ్మానాన్నలు ఆ వారం తీరికగా పక్కన ఉన్నారు. జీతం పోతుందన్న దిగులు లేకుండా ఉన్నారు.

పెద్దవారిని చూసుకునేవారికి నాలుగు మాటలు

1. "గుర్తుందా?" అని పరీక్ష పెట్టినట్టు అడగకండి. వస్తువో, ఫోటోనో, పాత పాటో ముందుంచి వారిని మాట్లాడనివ్వండి.

2. చెప్పిన తేదీ, పేరు తప్పయినా సరిదిద్దకండి. చెప్పిందే మళ్ళీ చెప్పినా మొదటిసారి విన్నట్టు వినండి.

3. ఏదైనా జ్ఞాపకం కన్నీళ్ళు తెప్పిస్తే అక్కడితో ఆపి, చేయి పట్టుకుని కూర్చోండి. యుద్ధం, వరద, పోగొట్టుకున్న బిడ్డ ఇలాంటివి సరదా కబుర్ల మధ్యలోనే బయటికి వస్తాయి.

4. విన్నది రాసిపెట్టి డ్యూటీ మారేటప్పుడు తరువాతి నర్సుకు చెప్పండి. గాడిద పేరు కూడా రాయండి. రేపు ఆవిడ అన్నం తినను అని మొరాయించినప్పుడు మాట కలపడానికి ఆ పేరే పనికి రావచ్చు.