దిమ్మ మీంచి నీళ్లలోకి

ఎండాకాలం వస్తే చాలు, మన ఊళ్లల్లో పిల్లలు బావి గట్టు ఎక్కుతారు. ఒకడు ముక్కు మూసుకుని నిలువునా దూకుతాడు. దభీమని పడి, అక్కడే మునిగి, అక్కడే తేలతాడు. ఇంకొకడు చేతులు ముందుకు చాచి, తల వంచి దూకుతాడు. చప్పుడు లేకుండా నీళ్లలోకి జారి, అవతలి గోడ దగ్గర తేలతాడు. ఇద్దరికీ ఈత ఒకేలా వచ్చు. అయినా రెండోవాడు చెయ్యి ఆడించకుండానే సగం బావి దాటేశాడు. ఈత పందేల్లోనూ జరిగేది ఇదే.

పెద్ద పందేలు జరిగే ఈతకొలను పొడవు 50 మీటర్లు. అంటే దాదాపు 27 బారలు. 2016లో బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో ఒలింపిక్ ఆటలు జరిగాయి. అక్కడ మగవాళ్ల 50 మీటర్ల పందెంలో అమెరికా ఈతగాడు ఆంథనీ ఎర్విన్ 21.40 సెకన్లలో గోడ తాకాడు. ఫ్రాన్స్ ఈతగాడు ఫ్లోరాన్ మనొదు 21.41 సెకన్లలో తాకాడు. తేడా సెకనులో వందో వంతు! మనం రెప్ప వేయడానికి కూడా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. అంత చిన్న తేడాతో బంగారు పతకం పోతుంటే, ఎలా దూకామన్నది పెద్ద సంగతే కదా.

ఈతగాళ్లు కొలను చివర ఒక దిమ్మ మీద నిలబడతారు. అది నీళ్లకు 50 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కూత వినపడగానే దూకాలి. కూత కంటే ముందే దూకితే పందెం నుంచి తీసేస్తారు. ఆ కూత అందరికీ ఒకేసారి వినపడాలని ప్రతి దిమ్మ దగ్గరా ఒక స్పీకరు పెడతారు. ఒకే మూల నుంచి కూత వేస్తే, 20 మీటర్ల అవతల ఉన్నవాడికి అది సెకనులో వందకు ఆరు వంతులు ఆలస్యంగా చేరుతుంది. వందో వంతుతో పతకం పోయే చోట అది అన్యాయమే.

వెనకటి రోజుల్లో ఈతగాళ్లు చేతులు గుండ్రంగా తిప్పి, ఆ ఊపుతో దూకేవారు. ఊపు బాగానే వచ్చేది. కానీ చేతులు తిప్పేలోపు పక్కవాడు గాల్లో ఉండేవాడు. 1960ల చివర్లో కొత్త పద్ధతి వచ్చింది. రెండు పాదాలూ దిమ్మ అంచున పెట్టి, వంగి, చేతులతో అంచు పట్టుకోవడం. కూత రాగానే ఒక్క లాగు లాగి దూకడమే. ఆ తర్వాత పరుగు పందెంలో లాగా ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టే పద్ధతి వచ్చింది. దీనితో దిమ్మను త్వరగా వదలొచ్చు. కాకపోతే దిమ్మ చదునుగా ఉండడంతో వెనక కాలికి తన్నడానికి ఆసరా లేదు. అందుకని రెండు పద్ధతుల్లో ఏది మేలో చాలాకాలం తేలలేదు.

ఆ తగువు తీర్చింది ఒక పలక. దిమ్మ వెనక వైపు ఏటవాలుగా బిగించిన పలక అది. వెనక పాదం దాని మీద ఆనించి తన్నుతారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అలాంటి దిమ్మలే వాడారు. లాభం సెకనులో కొన్ని వందో వంతులే. అయినా ఇప్పుడు పెద్ద పందేల్లో దాదాపు అందరూ ఇలాగే దూకుతున్నారు.

దిమ్మను వదిలాక అసలు పని ఉంది. నీళ్లలో పడేటప్పుడు ఈతగాడి వేగం, అతను ఈదే వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆ వేగాన్ని నీళ్లు ఇట్టే మింగేస్తాయి. పొట్ట చరుచుకుని పడితే అంతా అక్కడే పోతుంది. అందుకే చేతులు, తల, నడుము, కాళ్లు ఒకే కన్నంలోంచి దూరినట్టు పడాలి. తర్వాత నీటి అడుగునే చేపలా కాళ్లు ఆడిస్తూ పోవాలి. పైన అలలు అడ్డుపడతాయి. అడుగున ఆ బాధ తక్కువ.

ఈ కిటుకు బాగా తెలిసినవాడు అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వెల్లకిల ఈత పందెంలో కొలనులో సగానికి పైగా మునిగే పోయాడు. జపాన్ ఈతగాడు దైచి సుజుకీ కూడా అలాగే మునిగి పోయి, చివరికి అతన్ని ఓడించాడు. ఈత పందెం కాస్తా మునక పందెం అవుతోందని పెద్దలు హద్దు పెట్టారు. 1991 నుంచి వెల్లకిల ఈతలో ఆ హద్దు 15 మీటర్లు. ఆ లోపు తల పైకి రావాలి.

ఒక మాట. దిమ్మలున్న కొలనులో గోడకు మీటరు దూరం నుంచి ఆరు మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని నియమం. అంటే మూడు మూరలు. అది నేర్పుగా, ఏటవాలుగా దూకేవాళ్లకు పెట్టిన లెక్క. మన పిల్లలు కాలువ వంతెన మీంచి, లోతు తెలియని చోట తలకిందులుగా దూకుతారు. తల నేలకు కొట్టుకుంటే మెడ ఎముక విరుగుతుంది. కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. ముందు దిగి, లోతు చూసుకున్నాకే దూకనివ్వండి.

ఇక జట్టు పందెం సంగతి వేరు. నలుగురు ఒకరి తర్వాత ఒకరు దూకాలి. ముందువాడు గోడ తాకే దాకా తర్వాతివాడి పాదాలు దిమ్మను వదలకూడదు. కానీ ఒంటిని ఆడించొచ్చు. ముందువాడు రావడం కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, పాత పద్ధతిలో చేతులు తిప్పి ఊపు తెచ్చుకుంటారు. అతను తాకగానే వీళ్లు గాల్లో ఉంటారు. దీనివల్ల అర సెకను దాకా కలిసొస్తుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ లెక్కలు చూడండి. ఫ్రాన్స్ ఈతగాడు అలాన్ బెర్నార్ 100 మీటర్లు ఒంటరి పందెంలో 47.21 సెకన్లలో ఈది బంగారు పతకం గెలిచాడు. జట్టు పందెంలో అదే దూరం 46.73 సెకన్లలో ఈదాడు. అయినా ఆ రోజు అతని జట్టు ఓడింది. పక్క వరసలో అమెరికాకు చెందిన జేసన్ లీజాక్ వెనక నుంచి వచ్చి 46.06 సెకన్లలో ఈదేశాడు. అమెరికా సెకనులో వందకు ఎనిమిది వంతుల తేడాతో గెలిచింది. అదే లీజాక్ ఒంటరి పందెంలో 47.67 సెకన్లు తీసుకున్నాడు. మిగతాది దూకుడు వల్ల కాదు, పట్టుదల వల్ల వచ్చిందే అనుకోవాలి.

అదే జట్టు పందెంలో ఆస్ట్రేలియా తరఫున మొదట దూకిన ఈమన్ సల్లివన్ 47.24 సెకన్లలో ఈదాడు. దాన్ని అప్పటి ప్రపంచ రికార్డుగా రాసుకున్నారు. లీజాక్ 46.06ను రాసుకోలేదు. ఎందుకంటే సల్లివన్ దూకింది కూత విని. లీజాక్ దూకింది తోటివాణ్ణి చూసి.