కప్పు గెలిచిన వారు, ఓడిన వారు

మా కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కొందరు ఒకనాడు తరగతి ముగిసిన పిదప మమ్ము ఒక ప్రశ్న అడిగారు. “సార్, ఇంగ్లండులో క్లబ్బుల కుర్రవాళ్ళకు వేరుగా ఒక పెద్ద కప్పు పోటీ ఉన్నదట. అందులో గెలిచిన వాళ్ళే తరువాత పేరుమోసిన ఆటగాళ్ళవుతారా?” తెలుగు పాఠం చెప్పుకొనే వారికి ఈ విషయంతో పని ఏమిటని పాఠకులు అనుకోవచ్చును. కాని ప్రశ్న మంచిది. దానికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పడానికి వీలు లేదు.

ఆ పోటీ పేరు ఎఫ్.ఏ. యూత్ కప్. 1952–53లో ఆరంభమైనది. పదునెనిమిదేళ్ళ లోపు వారికి ఉద్దేశించినది. చాలకాలం ఫైనలును రెండు ఆటలుగా, ఒక్కొక్క క్లబ్బు మైదానంలో ఒక్కొక్కటిగా ఆడించి, గోల్స్ అన్నీ కలిపి విజేతను నిర్ణయించేవారు. 2019 నుండి ఒక్క ఆటతోనే తేల్చుతున్నారు. మొదటి ఐదు సంవత్సరాలూ మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బే వరుసగా గెలిచింది. ఆ జట్లలో ఆడిన డంకన్ ఎడ్వర్డ్స్ ఇంగ్లండు జాతీయ జట్టుకు ఎదిగి, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో గాయపడి ఇరువది యొకటవ ఏటనే కన్నుమూశాడు. ఇంతవరకు చూస్తే మా విద్యార్థుల ఊహ నిజమే. 1992లో క్రిస్టల్ ప్యాలెస్‌పై అదే క్లబ్బు 6–3తో గెలిచినపుడు కూడ నిజమే.

1993లో కథ మారినది. ఫైనలులో యునైటెడ్‌కు ఎదురు నిలిచినది లీడ్స్ యునైటెడ్. ఈ రెండు నగరాల నడుమ వైరం పాతది. పైగా, అంతకు ముందు ఏడు లీగ్ విజేతలైన లీడ్స్ పెద్దల జట్టు ఆ సంవత్సరం పరాయి మైదానాలలో ఒక్క లీగ్ ఆట కూడ గెలువలేక పదునేడవ స్థానానికి దిగజారింది. తమ పెద్దలు తీర్చలేని కోరికను పిల్లలు తీర్చుతారని ఆ ఊరివారు ఆశ పెట్టుకొన్నారు కాబోలు! రెండు ఆటలకూ ముప్పది వేలకు మించి జనం వచ్చారు. పిల్లల ఆటకు అంత జనం! మొదటి ఆటను మాంచెస్టర్‌లోనే లీడ్స్ 2–0తో గెలిచింది. ఎలండ్ రోడ్ మైదానంలో జరిగిన రెండవది 2–1. యునైటెడ్‌కు దక్కిన ఒక్క గోల్ పాల్ స్కోల్స్ పెనాల్టీ ద్వారా చేసినది. మొత్తం మీద 4–1. ఇందులో సందేహానికి తావు లేదు. ఉత్తమమైన జట్టే గెలిచింది.

ఓడిన ఆ జట్టు వారెవరో చూడండి: డేవిడ్ బెక్‌హామ్, గారీ నెవిల్, పాల్ స్కోల్స్, కీత్ గిలెస్పీ. మొదటి ముగ్గురు ఇంగ్లండుకు వరుసగా 115, 85, 66 ఆటలు ఆడారు. గిలెస్పీ ఉత్తర ఐర్లండుకు ఆడాడు. గెలిచిన లీడ్స్ కుర్రవాళ్ళలో ఒక్కరికైనను ఇంగ్లండు సీనియర్ జట్టులో స్థానం లభించలేదు.

కారణమేమి? పదునేడేళ్ళ వయస్సులో శరీరాలు ఒక్క తీరుగా ఎదగవు. ముందుగా ఎదిగినవాడు ఆనాటికి బలవంతుడు. స్కోల్స్ చిన్న గాత్రము వాడు, ఉబ్బసం ఉన్నవాడు. 1992 ఫైనలులో అతనికి చోటే దొరకలేదు. ఇది ఒక కారణం. రెండవదియే మాకు ముఖ్యమైనదిగా తోస్తున్నది. మాంచెస్టర్ మేనేజరు అలెక్స్ ఫెర్గుసన్ 1995లో పేరున్న ఆటగాళ్ళు కొందరిని పంపివేసి, ఈ ఓడిన పిల్లలను పెద్దల జట్టులో నిలబెట్టాడు. ఆ ఏడే లీగూ, ఎఫ్.ఏ. కప్పూ రెండూ వచ్చాయి. లీడ్స్‌లో అట్టి తలుపు తెరచుకొనలేదు. ప్రతిభలో తేడా లేదని మేమనడం లేదు. కాని అదే లీడ్స్, అదే శిక్షకుడు పాల్ హార్ట్ ఆధ్వర్యంలో, 1997లో మరల యూత్ కప్ గెలిచినపుడు ఏమి జరిగినదో గమనించాలి. మరుసటి ఏడు మేనేజరైన డేవిడ్ ఓలియరీ ఆ పిల్లలను నమ్మి ఆడించాడు. హ్యారీ క్యూయెల్, జోనథన్ వుడ్‌గేట్, పాల్ రాబిన్‌సన్ పేర్లు అట్లా లోకానికి తెలిసినవి.

కప్పు కన్న ఆటగానిపై దృష్టి నిలిపినవారు మన హైదరాబాదులోనూ ఉండేవారు. వృత్తిరీత్యా బడి పంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కుర్రవాళ్ళకు వింత పోటీలు నడిపేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషేధం. మరొక దానిలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. రహీం గారి శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమూ, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణమూ సాధించింది.

ఇంగ్లండులో నేడు ఈ పని చేస్తున్నవి క్లబ్బుల అకాడమీలు. 1997లో ఫుట్‌బాల్ సంఘం తరపున వీటికి ప్రణాళిక రచించినవాడు, 1993లో లీడ్స్ మేనేజరుగా ఉండిన హోవర్డ్ విల్కిన్‌సనే! ఎనిమిది, తొమ్మిదేళ్ళకే పిల్లలను చేర్చుకొంటారు. వారిలో అధిక సంఖ్యాకులను పదునెనిమిదేళ్ళ లోపుననే, ఇక మీరు రానక్కరలేదని పంపివేస్తారు. అందుచేతనే అకాడమీలు పిల్లల చదువు బాధ్యత కూడ వహించాలన్న నియమం ఉన్నది. మా కళాశాల పాలక సంఘం పెద్దలు ఈ వాక్యాన్ని ఒకింత శ్రద్ధగా చదువ ప్రార్థన. మన దగ్గర హాజరు తగ్గిన ఆటగానికి పరీక్ష హాల్ టిక్కెట్టు ఆపుతాము; సాయంకాలం విడిగా పాఠం చెప్పే ఏర్పాటు మాత్రం చేయము. ఈ లోపంలో అధ్యాపకులమైన మా వంతు కూడ ఉన్నది.

ఇక ప్రశ్న అడిగిన విద్యార్థులకు ఒక్క విషయం చెప్పవలసి ఉన్నది. 1993 ఫైనలు రెండు ఆటలలోనూ గోల్ చేసినవాడు లీడ్స్ కుర్రవాడు జేమీ ఫారెస్టర్. అతడు ప్రపంచ ప్రసిద్ధుడు కాలేదు. 1995లో లీడ్స్ విడిచి, గ్రిమ్స్‌బీ, స్కన్‌థోర్ప్, నార్తాంప్టన్ వంటి చిన్న క్లబ్బులలో పది సంవత్సరాలకు పైగా గోల్స్ చేస్తూనే ఉన్నాడు.