గాలి దించితేనే గట్టెక్కే టైరు

1943 డిసెంబరు 31 రాత్రి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోని నార్మండీ తీరం. కాపలావాళ్లు కొత్త సంవత్సరం సంబరాల్లో ఉంటారన్న ఆశతో ఇద్దరు బ్రిటిష్ సైనికులు చన్నీళ్లలో ఈదుకుంటూ వేర్-సుర్-మేర్ దగ్గర ఒడ్డుకు చేరారు. ఒకరు మేజర్ లోగన్ స్కాట్-బౌడెన్, రెండోవారు సార్జెంట్ బ్రూస్ ఆగ్‌డెన్-స్మిత్. వాళ్లు వచ్చింది శత్రువుల ఫిరంగులు లెక్కపెట్టడానికి కాదు, ఇసుక కోసం. బరమా లాంటి పనిముట్టుతో తీరాన్ని అక్కడక్కడా తొలిచి, వచ్చిన మట్టిని గొట్టాల్లో నింపుకుని, మళ్లీ సముద్రంలోకి దిగి వెళ్లిపోయారు.

అయిదు నెలలు తిరగ్గానే అదే ఇసుక మీద వేల లారీలూ ట్యాంకులూ దిగాల్సి ఉంది. పైకి గట్టిగా కనిపించే ఇసుక కింద మెత్తటి బంకమట్టో, కుళ్లిన ఆకుఅలముల నేలో ఉంటే దండయాత్ర మొత్తం నీటి అంచునే కూరుకుపోతుందని జె.డి. బెర్నల్ వంటి శాస్త్రవేత్తలకు దిగులు పట్టుకుంది. ఈ ఇసుక మన బండిని మోస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. మోయలేని ఇసుక ఎదురైతే బండినే దానికి తగ్గట్టు మార్చుకోగలమా అన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకు జవాబు అప్పటికే అమెరికా ఫ్యాక్టరీల నుంచి ఆరు చక్రాల మీద బయటికి వస్తోంది.

ఇసుక ఎందుకు మింగుతుంది?

ఎండు ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య జిగురు ఉండదు. వాటిని నిలబెట్టేది ఒరిపిడి ఒక్కటే. చక్రం బరువు పడగానే రేణువులు పక్కలకూ ముందుకూ జారిపోతాయి, చక్రం దిగుతుంది. దిగిన చక్రం ముందు ఇసుక గట్టులా లేస్తుంది. ఇక బీచి ఎంత చదునుగా ఉన్నా ఆ చక్రం ఎప్పుడూ గట్టెక్కుతూనే ఉండాలి. డ్రైవరు కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కాడా, టైరు ఉన్నచోటే గిర్రున తిరిగి కింది ఇసుకను వెనక్కి చిమ్ముతుంది. తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. కాసేపటికి యాక్సిల్ వెళ్లి ఇసుకకు ఆనుతుంది. అప్పుడు ఇంజిన్‌లో ఎంత బలం ఉన్నా ఒరిగేదేమీ లేదు.

తడి ఇసుక తీరు వేరు. రేణువుల సందుల్లో చేరిన పలచటి నీటిపొర తన తలతన్యతతో వాటిని దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. 1935లో మాల్కం కాంప్‌బెల్ తన బ్లూబర్డ్ కారును గంటకు 445 కిలోమీటర్ల వేగంతో ఉరికించింది ఫ్లోరిడాలోని డేటోనా బీచిలో, ఇలాంటి తడి ఇసుక మీదే. కేరళలోని ముళప్పిలంగాడ్ బీచిలో మామూలు కార్లు సైతం దర్జాగా తిరుగుతున్నాయంటే అక్కడి బిగువైన తడి ఇసుకే కారణం. అయితే నీళ్లు మరీ ఎక్కువై సందులన్నీ నిండిపోతే ఆ పట్టు మళ్లీ సడలిపోతుంది. అందుకే అల తాకే అంచు కూడా నమ్మదగినది కాదు. పోటు దిగాక బయటపడే తడి నేల మంచిదే కానీ, రోడ్డు దిగి అక్కడికి చేరాలంటే ముందు పొడి ఇసుక దాటాలి. టైరుకు పరీక్ష అక్కడే.

కుదుపు తప్పించడానికి పుట్టిన చక్రం

గాలి నింపిన చక్రానికి మొదట పేటెంటు తీసుకున్నది స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్, 1845లో. గుర్రపు బండ్లకు బిగించి చూపించాడు కానీ నిలదొక్కుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ తయారు చేశాడు. ఈసారి అది లోకమంతా పాకింది. మన పల్లెల్లో ఇనుప పట్టా వేసిన కర్ర చక్రాల స్థానంలోకి టైరు బండి వచ్చిందీ ఆ వరసలోనే.

థామ్సన్, డన్‌లప్ ఇద్దరూ కోరుకున్నది బండి కుదుపు లేకుండా తేలిగ్గా నడవడమే. కానీ గాలి టైరులో వాళ్లు వెతకని గుణం ఇంకొకటి ఉంది. అది నేలను ఎంత గట్టిగా నొక్కుతుందన్నది చాలావరకు లోపలి గాలి ఒత్తిడే తేలుస్తుంది. 2,400 కిలోల పికప్ ట్రక్కునే తీసుకోండి. నాలుగు టైర్లలోనూ 35 పీఎస్‌ఐ గాలి ఉంటే, లెక్క ప్రకారం ఒక్కో టైరు నేలను తాకే మేర సుమారు 240 చదరపు సెంటీమీటర్లు. గాలిని 15కు దించితే అది 570కి పెరుగుతుంది. బండి బరువు గ్రాము తగ్గలేదు, నేల మీద పడే ఒత్తిడి మాత్రం సగానికన్నా తక్కువైంది. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంగా రోడ్డు మీద కొలిస్తే తేడా ఇంత ఉండదు, కానీ పోకడ ఇదే.

అసలు కిటుకు ఆ పెరిగిన మేర ఆకారంలో ఉంది. గాలి దించిన టైరును ముందు నుంచి చూసి, పక్కలకు ఉబ్బింది కాబట్టి వెడల్పయిందని అనుకుంటాం. నిజానికి నేలకు ఆనే భాగం వెడల్పులో పెరిగేది కొద్దిగానే, ఎక్కువగా పెరిగేది పొడవులో. వెడల్పు పెరిగితే ముందున్న ఇసుకను తొయ్యాల్సిన గోడ కూడా పెరుగుతుంది. పొడవు పెరిగితే ఆ బాధ లేదు. ఒంటె అడుగు వెయ్యగానే దాని పాదం విచ్చుకున్నట్టు, టైరు కూడా నేల మీద పరుచుకుంటుంది.

ఎడారి నేర్పిన పాఠం

గాలి దించే ఈ కిటుకును పద్ధతిగా వాడుకున్నవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్. 1920ల చివర ఈజిప్టులో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో మిత్రులతో కలిసి ఫోర్డ్ కార్లలో లిబియా ఎడారిలోకి పోయేవాడు. అక్కడి మహా ఇసుక సముద్రం కార్లకు సాధ్యం కాదని అందరూ అనుకునే రోజులవి. టైర్లలో గాలి తగ్గించడం, బండి మీద అనవసరమైన బరువు తీసెయ్యడం, దిగబడితే చక్రాల కింద ఉక్కు రేకులు పరవడం, ఇవే అతని ఆయుధాలు. 1940లో ఆ అనుభవంతోనే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళాన్ని నిలబెట్టాడు. ఇసుక గాలికి ఎలా కదులుతుందో గాలి సొరంగంలో ప్రయోగాలు చేసి 1941లో రాసిన పుస్తకం నేటికీ ఆ రంగంలో మూలగ్రంథం. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ పరిశీలించిన దిబ్బలకు ‘బాగ్నోల్డ్’ పేరే పెట్టారు.

ఎడారిలో ఈ పద్ధతి బాగానే నడిచింది, ఎందుకంటే అక్కడ ఆగి గాలి తీసి, సాయంత్రం దాకా పంపు కొట్టుకోవడానికి తీరిక ఉంది. తుపాకి గుళ్లు కురిసే బీచిలో ఆ తీరిక ఎక్కడిది?

సీటు దిగకుండానే

ఆ చిక్కు విప్పినది 1942లో అమెరికాలో తయారైన డీయూకేడబ్ల్యూ. సైనికుల నోట అది ‘డక్’ అయింది. జనరల్ మోటార్స్ వారి ఆరు చక్రాల సైనిక లారీకి పడవ ఒళ్లు తొడిగిన బండి ఇది. పడవ రూపం దిద్దినవారిలో ఓడల రూపకర్త రాడ్ స్టీఫెన్స్, నావికుడు డెనిస్ ప్యూల్‌స్టన్ ఉన్నారు. టైర్ల సంగతి చూసుకున్నది ఇంజినీరు ఫ్రాంక్ స్పియర్.

మూలమైన లారీకి వెనక జంట టైర్లు ఉండేవి. డక్‌కు మాత్రం ఆరు చోట్లా ఒక్కొక్కటే పెద్ద టైరు పెట్టారు. దీనివల్ల ముందు చక్రం అణగదొక్కిన బాటలోనే వెనక చక్రాలు నడుస్తాయి. జంట టైర్లయితే ఒకటి బాటలో ఉన్నా రెండోది పక్కనున్న పొడి ఇసుకను కొత్తగా తొయ్యాలి, ఇంజిన్ శక్తి దానికే చాలా ఖర్చయిపోతుంది.

రెండో మార్పు ఇంకా పెద్దది. గాలి పంపు ఉండేది కదలని బండి ఒంట్లో, టైరేమో తిరుగుతూ ఉంటుంది. మామూలు గొట్టం తగిలిస్తే ఒక్క చుట్టుకే మెలిపడి తెగుతుంది. అందుకని చక్రం ఇరుసు దగ్గర ఒక తిరిగే కీలు అమర్చారు. ఒక సగం నిశ్చలంగా ఉంటుంది, రెండో సగం చక్రంతో పాటు తిరుగుతుంది, రెంటి మధ్య గాలి బయటికి పోకుండా సీలు కాపలా కాస్తుంది. డ్రైవరు ముందు మీట, పక్కనే గేజి. నీళ్లలో ఉండగానే మీట తిప్పి టైర్లను పది పన్నెండు పీఎస్‌ఐకి దించుకుంటాడు. ఒడ్డెక్కి, ఇసుక దాటి, గట్టి రోడ్డు తగలగానే తిరిగి నలభై దాకా ఎక్కిస్తాడు. గుండు తగిలి టైరుకు చిన్న చిల్లు పడినా, కారుతున్నంత గాలిని పంపు పూడుస్తూనే ఉంటుంది. నడుస్తున్న బండిలో కూర్చునే టైరు ఒత్తిడి మార్చుకునే వీలు డ్రైవరుకు దక్కిన మొదటి వాహనం ఇదేనంటారు.

సైన్యం మొదట దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1942 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ దగ్గర తుపానులో కోస్ట్‌గార్డ్ నౌక ఒకటి ఇసుకమేట మీద చిక్కుకుంది. అక్కడికి పరీక్షల కోసం తెచ్చిన డక్ బీచి మీదుగా అలల్లోకి దూకి ఏడుగురిని ఒడ్డుకు తెచ్చింది. దాంతో పెద్దల మనసు మారింది. యుద్ధం ముగిసేలోగా 21,000కు పైగా తయారయ్యాయి. సిసిలీలోనూ నార్మండీలోనూ ఓడల నుంచి సరుకు ఎత్తుకుని నేరుగా ఊళ్లలోకి చేరవేశాయి. తర్వాత సోవియట్ యూనియన్ ఇదే ఏర్పాటును తన జిల్-157 లారీలకు కూడా పెట్టుకుంది.

గాలి టైరుకు వీలులేని చోట కూడా సూత్రం మారలేదు. 1971లో అపోలో 15 చంద్రుడి మీదికి తీసుకెళ్లిన బండికి ఉక్కు తీగలు అల్లి చక్రాలు చేశారు. నేల మీద ఆనగానే ఆ అల్లిక కాస్త అణిగి పరుచుకుంటుంది. మెత్తటి నేలల మీద వాహనాల నడకను శాస్త్రంగా మలిచిన ఎం.జి. బెక్కర్ ఆ పనిలో ఉన్నాడు.

ఏ టైరు కొనాలి?

ఇంత చరిత్ర తెలిశాక దుకాణంలో చూపు మారుతుంది. లోతైన గాట్లు, దిట్టమైన దిమ్మలు ఉన్న టైరు చూడ్డానికి మొనగాడిలా ఉంటుంది. అది బురదకు పుట్టిన టైరు. బురదలో కింది గట్టినేలను అందుకోవాలి కాబట్టి తవ్వడం అక్కడ గుణం. బీచిలో కింద గట్టినేల ఉండదు, తవ్వినకొద్దీ ఇసుకే. కాబట్టి గాట్లు తక్కువ లోతున్న, రోడ్డుకూ మట్టికీ సరిపోయే ఆల్-టెరైన్ టైరు మేలు.

తర్వాత చూడాల్సింది పక్కగోడ ఎత్తు. టైరు మీద 265/70ఆర్17 అని ఉంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, గోడ అందులో 70 శాతం, అంటే సుమారు 185 మిల్లీమీటర్లు. గోడ ఎత్తుగా ఉంటేనే అణగడానికి చోటుంటుంది. అందానికి పెద్ద రిమ్ము, పలచటి టైరు వేయించుకున్న బండి ఇసుకలో గాలి దించినా పెద్దగా పరుచుకోదు. వెడల్పు, వ్యాసం రెండింటిలో ఒకటే పెంచగలిగితే వ్యాసమే పెంచాలి. పది ప్లై రేటింగున్న బరువు టైర్ల గోడలు బిరుసుగా ఉంటాయి. వాటిలో అదే ఫలితం కోసం గాలి ఇంకా దించాలి. అలాగని బండి బరువుకు చాలని మెత్తటి టైరు వేస్తే రోడ్డు మీద ప్రమాదం.

గాలి దించడానికీ హద్దుంది. మరీ తగ్గితే, గట్టిగా స్టీరింగు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడి గాలి మొత్తం ఒక్కసారిగా పోతుంది. అందుకే ఇసుకలో మలుపులు వెడల్పుగా తీసుకోవాలి. బ్రేకు కూడా ఒక్కసారి నొక్కకుండా బండి దానంతటది ఆగేలా చెయ్యాలి, లేదంటే టైర్ల ముందు ఇసుక పోగుపడుతుంది. దిగబడితే యాక్సిలరేటర్ జోలికి పోకుండా ముందు ఇంకాస్త గాలి తీయాలి, తర్వాత పార పట్టాలి. అన్నిటికన్నా పెద్ద ముప్పు రోడ్డెక్కాక. తక్కువ గాలితో వేగంగా పోతే ప్రతి చుట్టులోనూ పక్కగోడ మడతపడి విప్పుకుంటుంది, ఆ శ్రమంతా వేడిగా మారి పొరలు విడిపోయి టైరు పేలుతుంది.

ఎంత తేలిగ్గా నడిచినా టైరు గాడి వదులుతుంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్లకు ఆ గాడే కందకం, అందులో పడితే సముద్రం చేరడం కష్టం. అందుకే నార్త్ కరోలినాలోని కేప్ హాటెరాస్ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిపూట బండ్లను రానివ్వరు. ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆంధ్ర తీరంలో ఈ మాట మనమూ గుర్తుంచుకోవాలి.

మసాచుసెట్స్‌లోని కేప్‌కాడ్ జాతీయ తీరంలో ఇసుక మీద బండి నడపాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చేవాళ్లు గాలి గేజి, పార, లాగడానికి తాడు, జాకీ, దాని కింద వేసే పలక బండిలో ఉన్నాయా అని అడుగుతారు. వాళ్ల పట్టికలో గేజి చూస్తే స్పియర్ ఆలోచనే గుర్తొస్తుంది. అతను డక్‌కు టైర్లను మాత్రమే ఎంచలేదు, టైరునూ పంపునూ కలిపి ఒకే యంత్రంగా చూశాడు. బీచి కోసం టైర్లు కొనే వాళ్లు ఆ లెక్కన బిల్లులో గేజినీ చిన్న కంప్రెసర్‌నూ కూడా చేర్చుకోవాలి. డబ్బు చాలకపోతే టైర్లు వచ్చే ఏడాదికి వాయిదా వేసి, ముందు ఆ రెండూ కొనడం తెలివైన పని.