డిటెక్టివ్ రచయితల మహాసభ: జీతం తీసుకోని వాలంటీర్లతో బౌచర్‌కాన్ ఎలా నడుస్తుంది?

ఏటా ఒకసారి, సాధారణంగా ఉత్తర అమెరికాలోని ఏదో ఒక నగరంలో, నేర సాహిత్యాన్ని రాసేవారు, చదివేవారు, అచ్చువేసేవారు, అమ్మేవారు వెయ్యికి పైగా ఒకచోట చేరతారు. నాలుగైదు రోజుల పాటు ఒక పెద్ద హోటల్ మొత్తం హత్యలు, ఆధారాలు, అనుమానితుల చర్చలతో నిండిపోతుంది. 'ప్రపంచ మిస్టరీ సదస్సు'గా పేరున్న ఈ సభకు వాడుక పేరు బౌచర్‌కాన్.

ఇంత పెద్ద సభను నడిపేవారిలో జీతగాళ్లు లేరు. ప్రవేశద్వారం వద్ద బ్యాడ్జీలు ఇచ్చేవారి దగ్గర నుంచి సదస్సు అధ్యక్షుల వరకు అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే. చాలామంది తమ రిజిస్ట్రేషన్ రుసుము, విమాన టికెట్, హోటల్ ఖర్చు కూడా తామే పెట్టుకుని వస్తారు.

ఎవరీ బౌచర్?

ఆంథొనీ బౌచర్ అనేది కలం పేరు. అసలు పేరు విలియం ఆంథొనీ పార్కర్ వైట్. న్యూయార్క్ టైమ్స్‌లో ఏళ్ల తరబడి మిస్టరీ నవలలను సమీక్షించారు. సైన్స్ ఫిక్షన్ పత్రికకు సంపాదకత్వం వహించారు. అర్జెంటీనా రచయిత హోర్హే లూయీస్ బోర్హెస్ కథను తొలిసారి ఇంగ్లిష్‌లోకి తెచ్చినవారూ ఆయనే. అది 1948లో ఒక డిటెక్టివ్ పత్రికలో వచ్చింది. నేర సాహిత్యాన్ని కాలక్షేపం సరుకుగా చూసే రోజుల్లో, దానికీ విమర్శ ప్రమాణాలు ఉండాలని నమ్మిన మనిషి.

ఆయన 1968లో మరణించారు. రెండేళ్ల తర్వాత, 1970లో, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో అభిమానులు ఆయన పేరిట తొలి సభ జరిపారు. పేరును ఫ్రెంచి పద్ధతిలో 'బూషే' అనకూడదు. 'వౌచర్'తో ప్రాస కలిసేలా పలకాలి. కొత్తగా వచ్చేవారు తరచూ పొరబడేది ఇక్కడే.

అభిమానుల సభగా పుట్టడం వల్లే దీని స్వభావం నేటికీ మారలేదు. భారత్‌లోని సాహిత్యోత్సవాలకు రచయితలను ఆహ్వానించి, ప్రయాణ ఖర్చులిచ్చి పిలుస్తారు. బౌచర్‌కాన్‌లో గౌరవ అతిథులుగా ఎంపికైన కొద్దిమందిని మినహాయిస్తే, వేదికపై కూర్చుని మాట్లాడే రచయితలు కూడా రుసుము చెల్లించాల్సిందే. చర్చను నడిపే మోడరేటర్‌దీ అదే పరిస్థితి. చర్చకు వచ్చిన నలుగురైదుగురి పుస్తకాలను ముందే చదివి, ప్రశ్నలు సిద్ధం చేసుకుని రావాలి. దానికి పారితోషికమేమీ ఉండదు.

చీకట్లో జరిగే పని

సభ జరిగే నగరాన్ని కొన్నేళ్ల ముందే ఖరారు చేస్తారు. స్థానిక నిర్వాహక కమిటీ ఏర్పడుతుంది. హోటల్‌తో ఒప్పందం కుదురుతుంది. ఈ ఒప్పందంలోనే అసలు సస్పెన్స్ ఉంటుంది. ఫలానా సంఖ్యలో గదులు నిండుతాయనీ, ఫలానా మొత్తానికి తక్కువ కాకుండా భోజనాల ఖర్చు ఉంటుందనీ నిర్వాహకులు హామీ ఇవ్వాలి. అతిథులు పక్క వీధిలో చౌక గది చూసుకుంటే, నిండని గదులకు నష్టపరిహారం కట్టే బాధ్యత లాభాపేక్ష లేని ఆ సంస్థపై పడుతుంది. 'సదస్సు హోటల్‌లోనే బస చేయండి' అని ఇలాంటి నిర్వాహకులు పదేపదే కోరడానికి కారణం ఇదే.

సభకు ఒకటి రెండు రోజుల ముందు సంచులు నింపే పని మొదలవుతుంది. ప్రచురణకర్తలు పంపిన పుస్తకాల పెట్టెలు ఒక హాల్లో గుట్టలుగా పడి ఉంటాయి. వాలంటీర్లు బల్లల వెంట వరుసగా నడుస్తూ ఒక్కో సంచిలో పుస్తకాలు, కార్యక్రమాల పట్టిక, కరపత్రాలు సర్దుతారు. పెళ్లిళ్లలో తాంబూలం సంచులు సర్దినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే, ఇక్కడ సంచి నాలుగైదు కిలోలు తూగినా ఆశ్చర్యం లేదు.

సభ మొదలయ్యాక బరువైన పని చర్చా మందిరాల పర్యవేక్షణ. ఒకే సమయంలో నాలుగైదు గదుల్లో చర్చలు జరుగుతుంటాయి. ప్రతి గదికీ ఒక వాలంటీర్ ఉంటారు. మంచినీళ్లు, మైకులు, వక్తల పేర్ల అట్టలు సరిచూడాలి. తర్వాత ముందు వరుసలో కూర్చుని 'ఇక పది నిమిషాలు', 'అయిదు నిమిషాలు', 'ఆపండి' అని రాసిన అట్టలు చూపించాలి. లక్షల ప్రతులు అమ్ముడయ్యే రచయిత ఊపులో ఉన్నప్పుడు 'ఆపండి' అట్ట ఎత్తడానికి కొంత ధైర్యం కావాలి. ఎత్తకపోతే నష్టపోయేది ఆ తర్వాతి చర్చలో మాట్లాడాల్సిన కొత్త రచయిత.

చర్చ ముగియగానే రచయితలు సంతకాల గదికి వెళతారు. అక్కడ వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరి పేరూ అడిగి, చిన్న కాగితంపై రాసి, పుస్తకం మొదటి పేజీకి అంటించడం మరో వాలంటీర్ పని. పేరు ఎలా రాయాలో అడగడంలోనే అర నిమిషం పోతుంది. వంద మంది నిలబడితే ఆ అర నిమిషమే రచయిత చేతికి మిగిలే సమయం. వరుసలో మొదటివారికి బారెడు, చివరివారికి మూరెడు దొరకకుండా చూసేది ఆ కాగితం ముక్కే.

దాతృత్వ వేలం కూడా వాలంటీర్లే నడుపుతారు. ఎక్కువ పాట పాడినవారి పేరును తన తదుపరి నవలలో ఒక పాత్రకు పెడతానని రచయితలు హామీ ఇస్తుంటారు. ఆ పాత్ర మూడో అధ్యాయంలోనే శవమై తేలవచ్చని తెలిసే పాడతారు. వచ్చిన సొమ్ము పుస్తకాలు, అక్షరాస్యతకు సంబంధించిన స్థానిక సేవలకు వెళుతుంది. 2016లో న్యూ ఓర్లీన్స్ సభ సందర్భంగా తెచ్చిన 'బ్లడ్ ఆన్ ది బాయూ' కథల సంకలనం రాబడిని ఆ నగర ప్రజా గ్రంథాలయానికి ఇచ్చారు.

ఎందుకు చేస్తారు?

కొత్త రచయితకు అపరిచితుల మధ్య ఒంటరిగా నిలబడటం కష్టం. చేతిలో పని ఉంటే మాట కలపడం సులువు. వాలంటీర్‌గా చేరమని అనుభవజ్ఞులు సలహా ఇచ్చేది అందుకే. అయితే దాన్ని ప్రచురణకు అడ్డదారిగా భావించడం పొరపాటు. బ్యాడ్జీల బల్ల దగ్గర ఏజెంటు చేతిలో రాతప్రతి పెట్టడం కన్నా త్వరగా చెడ్డపేరు తెచ్చేది లేదు. ఏజెంట్లకు నవల వినిపించే అవకాశం కావాలంటే, 2006 నుంచి జరుగుతున్న థ్రిల్లర్‌ఫెస్ట్ లాంటి సభల్లో దానికి వేరే ఏర్పాట్లు ఉన్నాయి.

ఫలితం చాలాసార్లు వేదికపై కాక, వరండాల్లో కనిపిస్తుంది. 1986లో బాల్టిమోర్ బౌచర్‌కాన్‌కు వచ్చిన మహిళా రచయితలను నవలాకారిణి సారా పరెట్‌స్కీ ఒకచోట కూర్చోబెట్టారు. మహిళల నేర నవలలకు సమీక్షలు, పురస్కారాలు తక్కువగా దక్కుతున్నాయన్నది వారి ఆవేదన. 'సిస్టర్స్ ఇన్ క్రైమ్' అనే సంస్థ పుట్టుకకు ఆ సమావేశమే నాంది. ఈ సభల వల్ల పేరు తెచ్చుకున్నవారిలో భారతీయ మూలాలున్నవారూ ఉన్నారు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న సుజాతా మాస్సే తొలి నవల 'ది శాలరీమ్యాన్స్ వైఫ్'కు మరో అభిమాన సదస్సు మాలిస్ డొమెస్టిక్‌లో అగాథా పురస్కారం లభించింది. అక్కడైనా, బౌచర్‌కాన్‌లో ఇచ్చే ఆంథొనీ పురస్కారాల్లోనైనా విజేతలను నిర్ణయించేది సభికుల ఓట్లే.

సభ ఆగిపోతే

2020 మార్చిలో శాన్ డియేగోలో మరో వాలంటీర్ సదస్సు, లెఫ్ట్ కోస్ట్ క్రైమ్, మొదలైన రోజే ఆగిపోయింది. కోవిడ్ కారణంగా జనం గుమిగూడటంపై స్థానిక అధికారులు ఆంక్షలు విధించారు. అప్పటికే సంచులు పంచారు, అతిథులు దిగారు. ఆ ఏడాది బౌచర్‌కాన్ ఆన్‌లైన్‌కు మారింది. 2021 ఆగస్టులో జరగాల్సిన న్యూ ఓర్లీన్స్ కార్యక్రమం రద్దయింది. హోటల్‌తో బేరాలు, రుసుముల వాపసు, వందల ఉత్తరాలకు జవాబులు... ఇవన్నీ పగలు ఉద్యోగాలు చేసుకునే మనుషులు రాత్రిళ్లు మేల్కొని చక్కబెట్టాల్సిన పనులే. న్యూ ఓర్లీన్స్‌కు ఆ అవకాశం మళ్లీ 2025లో దక్కింది.

భారతీయులు చేరవచ్చా?

అమెరికాలో చదువుకునే లేదా కుటుంబంతో ఉండే తెలుగువారికి ఈ ప్రశ్న ముఖ్యం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం లాభాపేక్షతో నడిచే సంస్థలు ఉచిత సేవ పేరుతో పని చేయించుకోకూడదు. స్వచ్ఛంద, ధార్మిక సంస్థలకు మాత్రం ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి సభను నడిపేది ఎలాంటి సంస్థో ముందు తెలుసుకోవాలి.

వీసా నిబంధనలు మరింత సున్నితం. ఎఫ్-1 విద్యార్థులు, పని అనుమతి లేని హెచ్-4 వీసాదారులు చేసే సేవ నిజంగా ఉచితమైనదై ఉండాలి. సాధారణంగా జీతమిచ్చి చేయించే పని కాకూడదు. కొన్ని సభలు ఇన్ని గంటలు పనిచేస్తే రుసుము మాఫీ చేస్తామంటాయి. ఆ మాఫీని ప్రతిఫలంగా పరిగణించే ప్రమాదం ఉంటుంది. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నో, న్యాయవాదినో అడిగాకే పేరు నమోదు చేసుకోవడం మేలు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

పద్ధతి మాత్రం తెలుగువారికి పరాయిది కాదు. 1977లో తొలి సభ జరుపుకున్న తానా మహాసభలు కూడా నమోదు, భోజనాలు, వేదిక అంటూ వాలంటీర్ కమిటీల భుజాలపైనే సాగుతున్నాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ను, మధుబాబు షాడోను అద్దె పుస్తకాల దుకాణాల్లో వెతుక్కుని చదివిన తరం కూడా అక్కడి సభికుల్లో ఉంది.

అభిమానుల ఓపికకూ హద్దు ఉంటుంది. బ్రిస్టల్‌లో 2008 నుంచి జరిగిన బ్రిటన్ సదస్సు క్రైమ్‌ఫెస్ట్ 2025 మే సభతో ముగిసింది. బౌచర్‌కాన్ 2026 సభను కెనడాలోని కాల్గరీకి కేటాయించారు.