బాపు అక్షరాలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు?

ఈరోజు ఫాంట్ల ముచ్చట. నేను మాదాపూర్‌లో యూఐ డిజైన్ చేస్తాను. అందుకని చుట్టాల్లో ఎవరి పెళ్లయినా కార్డు పని నా నెత్తినే. పోయినేడు మా అక్క పెళ్లికైతే ఊరుకుంటానా? కార్డు మొత్తం బాపు రాత ఫాంట్‌లో కొట్టేశా.

బాపు గారి సినిమాలూ బొమ్మలూ ఒకెత్తు, చేతిరాత ఒకెత్తు. బ్రష్ ఒక్క ఊపులో తిప్పేసినట్టు ఉంటుంది. 2014లో ఆయన పోయారు గానీ, ఆ రాత ఫాంటుగా మారి శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

నా మానిటర్ మీద కార్డు అదిరిపోయింది. అంకెలకి కూడా సన్నగా మెలికలు తిరిగే ఇంగ్లీష్ ఫాంట్ పెట్టా. వాట్సాప్‌లో పంపా. వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది కదా, సన్న గీతలన్నీ అలుక్కుపోయాయి. ముహూర్తం "ఉ. 3:16". ఖమ్మంలో మా పెద్దమ్మ దాన్ని 8:16 అని చదువుకుంది. "తెల్లవారుజామున" అని రాయకపోవడం కూడా నా తప్పే. ఆవిడ ఏడింటికి దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. మండపం మెట్ల మీద కూర్చుండిపోయింది. ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

అసలు ఇబ్బంది మన లిపిలోనే ఉంది. "ప"కీ "ఫ"కీ తేడా చిన్న గీతే. "కి", "కీ" మధ్య తేడా గుడి చివర మెలికే. సైజు తగ్గిస్తే ముందు పోయేవి అవే. పైన గుడి, కింద ఒత్తు. "లక్ష్మి"లో అయితే ఏకంగా రెండు ఒత్తులు. వరసల మధ్య జాగా చాలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది.

కాబట్టి ఇలాంటి ఫాంట్ వధూవరుల పేర్లకి, టైటిల్‌కి, లోగోకి. అదీ పెద్ద సైజులో, చుట్టూ ఖాళీ వదిలి. తేదీ, టైము, అడ్రస్, ఫోన్ నంబరు మాత్రం మండలి లాంటి సాదా ఫాంట్‌లో. హోర్డింగ్‌కి అస్సలు వద్దు. సైబర్ టవర్స్ దగ్గర బండి మీద పోయేవాడు ఎంతసేపు చూస్తాడు చెప్పండి?

ఫ్రీగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రవి ప్రకాష్, లక్కిరెడ్డి ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్లు ఓపెన్ లైసెన్స్‌తో ఇచ్చారు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. రెండూ యూనికోడ్. డీటీపీ షాపుల్లో వాడే పాత ఫాంట్లు చాలావరకు యూనికోడ్ కావు. ప్రింటుకి పర్లేదు గానీ, ఆ టెక్స్ట్ కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. ఏ యాప్‌లోనైనా ముందు "లక్ష్మి" టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయా, ఆ యాప్ మనకి పనికిరాదు. తర్వాత ఫొటోని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించండి.

వచ్చే నెల పెద్దమ్మ వాళ్లబ్బాయి పెళ్లి. కార్డు మళ్లీ నాకే ఇచ్చింది. "అంకెలు మాత్రం లావుగా వెయ్యి నాయనా" అంది. ఆ పనే ఉంది ఇప్పుడు, ఉంటానండీ.