ఆకాశంలో ఉద్యోగం, నేలమీద పరుగు



విమానం నడిపేవారు అనగానే మనకు తెల్లని చొక్కా, భుజాల మీద బంగారు గీతలు, పెద్ద జీతం గుర్తుకొస్తాయి. ఆ ఇంట్లో నిద్ర ఎంత ఖరీదైన వస్తువో ఆ ఇంటివారికే తెలుసు. బేగంపేటలో విమానాశ్రయం ఉన్నన్నాళ్లూ మన యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వాసులకు విమానం పొరుగింటి చుట్టం లాంటిది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి లేచే విమానాన్ని నడపాలంటే, యూసుఫ్‌గూడలో ఉండే పైలట్ గుమ్మం ముందు రెండున్నరకే కారు వచ్చి ఆగుతుంది. అంటే ఒంటిగంటన్నరకే లేవాలి. మరునాడు అదే మనిషి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరవచ్చు. పై వారం వేళలు మళ్లీ మారిపోతాయి.

మా సంఘంలో ఇలాంటి సహోదరుడొకరున్నారు. నలభైకి దగ్గరపడ్డారు. కృష్ణకాంత్ పార్కులో నడకతో మొదలుపెట్టి, నెమ్మదిగా పరుగులోకి దిగి, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరం, అంటే 21 కిలోమీటర్లు, పూర్తి చేశారు. ఇక పూర్తి దూరం, 42 కిలోమీటర్ల 195 మీటర్లు, పరుగెత్తాలని ఆశ. “అయ్యగారూ, రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరినా నాలుగున్నరకు లేచి పరుగుకు వెళ్తున్నాను. శరీరాన్ని అదుపులో పెట్టుకోవాలని పౌలు భక్తుడే చెప్పాడు గదండీ!” అన్నారు. పక్కన ఉన్న ఆయన భార్య అప్పుడు ఏమీ మాట్లాడలేదు. తరువాత మా ఇంటావిడతో అన్నదట, “పార్కు నుంచి వచ్చి టిఫిన్ ప్లేటు ముందే కునుకు తీస్తున్నారండీ. సాయంత్రం మళ్లీ డ్యూటీ” అని. నాకు ఆ రెండో మాటే ఎక్కువ పట్టింది.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. పైలట్‌కు వ్యాయామం సరదా కాదు, అన్నం పెట్టేది. విమానాలు నడిపేవారికి డిజిసిఎ వారి నిబంధన ప్రకారం ఏటా వైద్యపరీక్ష ఉంటుంది. గుండె, రక్తపోటు, చక్కెర, చూపు, వినికిడి, బరువు, అన్నీ చూస్తారు. ఎక్కడైనా తేడా వస్తే ఆ లోపం సరయ్యేదాకా నేలమీదే ఉండాలి. ఉద్యోగమేమో గంటల తరబడి కుర్చీకి కట్టేస్తుంది. విమానం 35 వేల అడుగుల ఎత్తున పోతున్నా లోపలి గాలిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలికి సమానంగా ఉంచుతారు. ఊటీ ఎత్తు ఏడువేల పైచిలుకు అడుగులు గనుక, రోజంతా ఊటీలో కూర్చున్నట్టే అనుకోండి, చల్లదనం తప్ప! పైగా ఆ గాలిలో తేమ ఇరవై శాతమైనా ఉండదు. నోరు ఎండుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. కాబట్టి దిగిన గంటకే బూట్లు కట్టుకుని పరుగుకు పోయేవాడు సగం ఎండిన ఒంటితో పోతున్నాడన్నమాట. ముందు నీళ్లు, మజ్జిగ, ఆ తరువాత నిద్ర, అన్నిటి తరువాత పరుగు.

నిద్ర దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన క్రైస్తవ కుటుంబాల్లో నిద్ర మానుకోవడాన్ని ఒక సుగుణంగా చెప్పుకునే అలవాటుంది. వేకువ ప్రార్థన మంచిదే, రాత్రి కూడికలూ మంచివే. కానీ వందలాది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాని నిద్ర వేరు. పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతి పని, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని పని అంత మందంగా ఉంటుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మన దేశంలో పైలట్ విమానం ఎక్కడానికి పన్నెండు గంటల ముందు నుంచీ మద్యం తాకకూడదు. ఊపిరి పరీక్షలో సున్నా రావాలి. మా సహోదరుడు జీవితంలో మద్యం ముట్టినవాడు కాడు. కానీ నిద్రలేమిని పట్టుకునే ఊపిరి యంత్రం ఏదీ విమానాశ్రయంలో లేదు. దాన్ని ఆయన మనస్సాక్షే పట్టుకోవాలి.

2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బ్రతికారు. దిగే తీరు సరిగా లేదని తెలిసినా కెప్టెన్ ఆ ప్రయత్నాన్ని విరమించకపోవడమే ప్రధాన కారణమని విచారణ నివేదిక తేల్చింది. అంతకుముందు ఆయన దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయారని, ఆ మత్తు వదలకపోవడం కూడా తోడై ఉండవచ్చునని రాసింది. చనిపోయినవారిని నిందించడానికి దీన్ని చెప్పడం లేదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా మనిషి దేహం ఎంతటివానికైనా అడుగంటుతుంది. దేవుడు చేసిన గడియారం అది. విమానాలవారి నియమాలు కూడా ఆ వేళలను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటాయి. 2025 జూలై నుంచి పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. అంత పోరాడి సంపాదించిన విశ్రాంతిని పరుగు పేరుతో మళ్లీ ఖర్చు చేస్తే ఏమనుకోవాలి?

బైబిలులో పరుగు అంటే మనకు కొరింథీ పత్రికే గుర్తొస్తుంది. నాకు ఏలీయా గుర్తొస్తాడు. మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం చివర చూడండి. కర్మెలు కొండ దగ్గర నుంచి యెజ్రెయేలు దాకా, వానలో, అహాబు రథానికి ముందుగా పరుగెత్తాడు. సుమారు పాతిక కిలోమీటర్లు ఉంటుంది, మన సగం మారథాన్ కన్నా ఎక్కువే. ఆ వెంటనే యెజెబెలుకు భయపడి బెయేర్షెబా దాకా ప్రయాణం, అక్కడి నుంచి ఇంకో రోజు అరణ్యంలో నడక. చివరకు ఒక చెట్టు క్రింద కూలబడి చావు కోరుకున్నాడు. అప్పుడు దేవదూత వచ్చి ఉపదేశమేమీ ఇవ్వలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. ఇక్కడ ఏమి చేస్తున్నావని దేవుడు ఆ ప్రవక్తను అడిగింది చాలా తరువాత, హోరేబు గుహలో. ఆ తిండితోనే నలభై రోజులు నడిచాడని రాయబడి ఉంది. పౌలు మాటను చూపించి నిద్ర మానుకునే సహోదరునికి నేను ఏలీయాను చూపించాను. ఆయన నవ్వి, “రెండుసార్లు పడుకోబెట్టాడా అయ్యగారూ?” అన్నారు.

మరి పైలట్ పందేలకు సిద్ధపడలేడా? పడగలడు. సునీతా విలియమ్స్ అమెరికా నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్‌గా పనిచేసింది. 2007 ఏప్రిల్ 16న భూమిమీద బోస్టన్ మారథాన్ జరుగుతుండగా ఆమె అంతరిక్ష కేంద్రంలో, పైకి తేలిపోకుండా పట్టీలతో కట్టుకుని, ట్రెడ్‌మిల్ మీద ఆ దూరమంతా పరుగెత్తింది. సుమారు నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. ఆ సెప్టెంబరులో హైదరాబాద్‌లో జరిగిన అంతరిక్ష మహాసభకు కూడా వచ్చింది. బరువు తెలియని చోట ఎముకలు, కండలు క్షీణిస్తాయి గనుక అక్కడివారికి రోజుకు రెండు గంటల వ్యాయామం పని పట్టికలోనే ఉంటుంది. నిద్ర వేళ కూడా అదే పట్టికలో ఉంటుంది. మన అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్స్ గ్రామర్ స్కూలులో చదివిన రాకేశ్ శర్మ వాయుసేన పైలట్‌గా 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లినప్పుడు అక్కడ యోగాసనాలు వేశారు. చోటు ఇరుకు, వేళ తక్కువ, అయినా ఒంటిని విడిచిపెట్టలేదు.

మా సహోదరుడు ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. వారాన్ని సోమ, మంగళ అని లెక్కపెట్టరు. విమానం దిగిన తరువాత ఎన్ని గంటలైందని లెక్కపెడతారు. ఏడు గంటలు నిద్రపోయాకే బూట్లు. పరాయి ఊళ్లో హోటల్లో ఉంటే అరగంట తేలిక పరుగు, లేదా మెట్లు ఎక్కడం. దూరపు పరుగు వారపు సెలవులో రెండోరోజున మాత్రమే. నిద్ర లేవగానే నాడి చూసుకుంటారు. రోజూ కన్నా పది సార్లు ఎక్కువ కొట్టుకుంటే ఆరోజు పరుగు లేదు. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎత్తు ఎక్కడం మోకాళ్లను పరీక్షిస్తుంది గనుక వారానికి ఒకసారి మించి అటు పోరు. చీలమండ బెణికినా విమానం ఎక్కలేరు గదా. సంచిలో అటుకులు, వేరుశనగ చిక్కీ, ఇంటికి రాగానే రాగి జావ, ఇదంతా ఆ సహోదరి ఏర్పాటు.

ఇక ఆదివారం సంగతి. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆదివారం తెల్లవారుజామున. నెక్లెస్ రోడ్డులో మొదలై, పంజాగుట్ట మీదుగా, కెబిఆర్ పార్కు పక్కగా గచ్చిబౌలి స్టేడియం చేరుతుంది. ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల తొలి పరుగు ఆదివారం వచ్చిందని దాన్ని వదులుకుని, నాలుగు వందల మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడాది మిషనరీగా చైనా వెళ్లాడు. ఈ కథ మన ప్రసంగాల్లో చాలాసార్లు వినబడుతుంది. తరువాతి భాగం తక్కువగా వినబడుతుంది. జపాన్‌వారి నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, ఆదివారం ఆటల్లో పిల్లలు కొట్టుకుంటున్నారని అదే లిడెల్ రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. ఆయన తనకు కట్టిన కంచెను ఎదుటివారి మెడకు చుట్టలేదు.

కాబట్టి ఏడాదికి ఒక్క ఆదివారం పందెంలో పరుగెత్తినవానిని నేను సంఘంలో నిలదీయను. మా సహోదరునికి నేను చెప్పిన మాట వేరు. రోస్టర్ వల్ల ఆయనకు నెలకు ఒకటి, మహా అయితే రెండు ఆదివారాలే దొరుకుతాయి. మిగిలినవాటిలో ఆయన భార్య ఇద్దరు పిల్లలను చెరొక పక్కన కూర్చోబెట్టుకుని ఒంటరిగా ఆరాధనలో ఉంటుంది. ఆ దొరికిన ఒక్కటీ దూరపు పరుగుకు పోతే పిల్లలకు తండ్రి పక్కన పాట పాడే రోజు ఏది? దూరం పరుగెత్తడానికి ఆయనకు మంగళవారమో బుధవారమో సెలవు వస్తుంది. ఆ రోజుల్లో పార్కు ఖాళీగానే ఉంటుంది. ఆఫీసులకు పోయే మనకు లేని వెసులుబాటు అది.

నెల రోస్టర్ రాగానే వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు. మొదట ఆ సహోదరి పెన్సిల్‌తో నిద్ర గంటలు గీస్తుంది, తరువాత ఆదివారాలు, మిగిలిన గళ్లలో ఆయన పరుగు రాసుకుంటారు. ఈ ఏడాది పూర్తి మారథాన్‌కు గళ్లు చాలలేదు. సగం దూరానికే పేరు ఇచ్చారు.